వాష్ బేసిన్ కొళాయి కట్టేసినా కారుతోంది: మొదటిసారి విప్పేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

గజపతి_గడప (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. వాష్ బేసిన్ కొళాయి కట్టేశాక కూడా మూతి నుంచి చుక్క చుక్కగా కారుతూనే ఉంది. గట్టిగా బిగిస్తే కాసేపు ఆగి మళ్లీ మొదలవుతోంది. పూర్తిగా కట్టాలంటే పిడిని మూడు నాలుగు చుట్లు తిప్పాలి. ఇత్తడి కొళాయి, పైన తెల్లటి మెరుపు పూత. బేసిన్ కింద గోడకి చిన్న కొళాయి ఒకటి, దాన్నుంచి పైకి స్టీలు అల్లిక పైపు ఉన్నాయి. ఇంట్లో ఉన్నవి ఒక స్క్రూడ్రైవరు, ఒక కటింగ్ ప్లేయరు మాత్రమే. ఏం కొనాలి, ఏ వరసలో విప్పాలి, ఎక్కడ పొరపాటు జరుగుతుంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

రాయగడ_ఫిట్టర్

అమ్మా, మీరు చెప్పిన గుర్తులు సరిపోతాయి. మూడు నాలుగు చుట్లు తిరుగుతాది, గట్టిగా బిగిస్తే ఆగుతాది అంటే అది రబ్బరు వాషరు ఉన్న పాత తరహా స్పిండిలు కొళాయి. బేసిన్ మీద నిలబడి ఉంటాది కాబట్టి కొట్లో పిల్లర్ కాక్ అంటారు. పిడి తిప్పితే లోపల స్పిండిలు కిందికి దిగి, ఒక రబ్బరు బిళ్లని ఇత్తడి అంచు మీద అదిమి పెడతాది. ఆ అంచునే సీటు అంటాం. రబ్బరు గట్టిపడినా, దానిమీద గాడి పడినా, సీటు మీద గీత పడినా నీళ్లు ఆ సందులోంచి వస్తాయి. ముందు అనుమానించవలసింది రబ్బరునే.

ఇవాళ్టి నుంచి గట్టిగా బిగించి ఆపడం మానెయ్యండి. బిగించిన కొద్దీ గాడి లోతవుతాది. రబ్బరు పూర్తిగా అరిగిపోతే దాన్ని పట్టుకునే ఇత్తడి జంపరు నేరుగా సీటుకి తగులుతాది. వాషరుతో పోయే పని అప్పుడు కొళాయి మార్చేదాకా వస్తాది.

విప్పే ముందు ఒక లెక్క చూసుకోండి. మూతి కింద గ్లాసు పెట్టి సరిగ్గా 15 నిమిషాలు ఉంచండి. వచ్చిన మి.లీ.ని 96తో గుణిస్తే రోజుకి ఎంత పోతోందో తెలుస్తాది. బాగు చేశాక ఇదే కొలత మళ్లీ తియ్యాలి. తగ్గిందా, పూర్తిగా ఆగిందా అన్నది కంటిచూపుతో చెప్పలేం.

ఇక వరస. గోడకి ఉన్న చిన్న కొళాయిని యాంగిల్ కాక్ అంటారు. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పి కట్టెయ్యండి. తర్వాత పైన కొళాయి తెరిచి నీళ్లు పూర్తిగా ఆగేదాకా ఉండండి. సన్నని ధార ఆగకుండా వస్తూనే ఉంటే యాంగిల్ కాక్ పట్టడం లేదని లెక్క, అప్పుడు ఏదీ విప్పొద్దు. బేసిన్ కన్నాన్ని గుడ్డతో మూసెయ్యండి. పిడి స్క్రూ జారి కన్నంలో పడితే కింద బాటిల్ ట్రాప్, అంటే నీళ్లు పోయే గొట్టానికి ఉన్న సీసాలాంటి డబ్బా, విప్పేదాకా దొరకదు.

పిడి పైన నీలమో ఎరుపో చిన్న బిళ్ల ఉంటాది. సన్నటి స్క్రూడ్రైవరు మొన అంచులో పెట్టి లేపితే వచ్చేస్తాది. కింద స్క్రూ విప్పి, పిడిని అటూ ఇటూ కదుపుతూ నిటారుగా పైకి లాగండి. బిళ్ల లేకపోతే పిడి పక్కన చిన్న కన్నంలో గ్రబ్ స్క్రూ, అంటే తల లేని చిన్న స్క్రూ, ఉంటాది, దానికి సాధారణంగా 2.5 మి.మీ. ఎలన్ కీ పడతాది. పిడి కింద గంట ఆకారంలో మూత ఉంటే చేత్తోనే తిరుగుతాది. దాని కింద ఆరు పలకల నట్టు కనిపిస్తాది. అసలు పని అక్కడే.

ఆ నట్టు విప్పే ముందు స్పిండిలుని ఒక అర చుట్టు తెరిచే వైపు తిప్పండి. కట్టేసిన స్థితిలో ఉంటే వాషరు సీటుని నొక్కి పట్టుకుని ఉంటాది, నట్టు తిప్పినప్పుడు ఆ బలమంతా మరల మీద పడి అవి పాడవుతాయి. మళ్లీ బిగించేటప్పుడు కూడా ఇదే నియమం. ఇంకొకటి, ఒక చేత్తో కొళాయి ఒంటిని గుడ్డ చుట్టి గట్టిగా పట్టుకోండి. పట్టుకోకుండా స్పానరు తిప్పితే మొత్తం కొళాయి బేసిన్ మీద గిరగిరా తిరిగి కింద అల్లిక పైపుని మెలి పెడతాది, పింగాణీ పగిలినా పగులుతాది.

నట్టు ఊడితే స్పిండిలు మొత్తం పైకి వస్తాది. జంపరు దాంతో రాకపోతే సీటు మీదే కూర్చుని ఉంటాది, ప్లేయరుతో మెల్లగా లేపండి. దాని అడుగున ఉన్న నల్ల బిళ్లే వాషరు. దాని మీద సీటు ఆకారంలో గుండ్రటి గాడి అచ్చు పడి ఉంటే జబ్బు దొరికినట్టే.

బరంపురం_పైపులు

ఫిట్టర్ గారు చెప్పినదానికి కొట్టు వైపు నుంచి నాలుగు మాటలు.

ఎడ్జస్టబుల్ స్పానరు ఒకటి కొనండి, 8 లేదా 10 అంగుళాలది. కటింగ్ ప్లేయరుతో ఆ ఇత్తడి నట్టు తిప్పితే మూలలు గుండ్రమైపోతాయి, ఆ తర్వాత ఏ పనిముట్టూ పట్టదు. స్పానరు దవడలకీ నట్టుకీ మధ్య పాత బనియను గుడ్డ ముక్క పెడితే పూత గీరుకుపోదు. ఒక టెఫ్లాన్ టేపు చుట్ట కూడా తీసుకోండి.

వాషరుకి కొలత చెప్పి అడగొద్దు. విప్పిన జంపరుని వాషరుతో సహా కొట్టుకి తీసుకెళ్లి పక్కన పెట్టి చూసుకోండి. అన్నీ "అరంగుళం కొళాయి వాషరు" అనే అమ్ముతారు కానీ మందంలోను, వ్యాసంలోను, మధ్య కన్నంలోను తేడాలుంటాయి. పాతది బల్లపరుపుగా ఉంటే కొత్తదీ అలాంటిదే, ఉబ్బెత్తుగా ఉంటే అలాంటిదే కొనాలి. చిన్నది వేస్తే సీటు అంచు దాటి జారుతుంది. పెద్దది వేస్తే లోపల గోడకి రాసుకుని సగం తెరుచుకుంటుంది. ఎలాగూ చవక వస్తువే కాబట్టి రెండు మూడు తెచ్చుకోండి.

ఈ సరిహద్దు ఊళ్లలో కొట్టుకో భాష. తెలుగు మాట్లాడే కొట్టైతే ఇబ్బంది లేదు. హిందీలో మాట్లాడేచోట అరంగుళం సైజుని "చార్ సూత్" అంటారు, ఒక సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మరలని "చూడీ" అంటారు. మరాఠీ వైపైతే "ఆటే". ఈ మూడు తెలిస్తే తప్పు వస్తువు చేతికి రాదు.

చాలామంది సైకిలు ట్యూబో హవాయి చెప్పో కోసి వాషరుగా వేస్తారు. ట్యూబు పలచన, నొక్కుడికి మడత పడుతుంది. చెప్పు రబ్బరు నురగలాంటిది, నీళ్లు పీల్చుకుని చితికిపోతుంది. రెండూ వద్దు. ఈ రాత్రికి కొట్లు మూసేసి ఉంటే పాత వాషరునే తిరగేసి వెయ్యండి, వెనకవైపు నునుపుగా ఉంటే రేపటిదాకా పట్టుకుంటుంది.

సిరొంచ_సంగమం

మా దిక్కు నల్లాలల్ల ఇప్పుడు ఎక్కువ పావు చుట్టువే. పిడి పావు వంతు తిప్పంగనే పూరా తెరుచుకుంటది. ఇది చదివేటోళ్లల్ల అసొంటి నల్లా ఉన్నోళ్లకు పైన చెప్పిన వాషరు ముచ్చట పనికిరాదు, లోపల మొత్తం వేరు.

దాంట్ల రెండు సిరామిక్ బిళ్లలు ఒకదాని మీద ఒకటి జారుతయి. కన్నాలు ఎదురుబొదురు వస్తే నీళ్లు, పక్కకు జరిగితే బంద్. బిళ్లలు అద్దం లెక్క నున్నగ ఉంటయి, నడుమ ఒక్క ఇసుక రేణువు జొర్రినా గీత పడుతది. ఎంత గట్టిగ తిప్పినా చుక్క ఆగదు, ఎందుకంటే అక్కడ నొక్కుడు పనే లేదు. బలం పెడితే లోపల ఆపే ముక్క ఇరుగుతది, తర్వాత పిడి చుట్టూ తిరుగుతది.

విప్పుడు పద్ధతి ఒకటే. ఆ సిరామిక్ స్పిండిల్ ఊడదీసి అడుగు చూడుండ్రి. అడుగున ఒక రబ్బరు రింగు ఉంటది, ముందు అది చదునైందా, చిరిగిందా చూడాలె. కొన్నిసార్లు తప్పు దానిదే, బిళ్లలు మంచిగనే ఉంటయి. బోరు నీళ్లున్న తావుల బిళ్లల కన్నాల చుట్టూ తెల్లగ సున్నం పొలుసులు కడుతయి. గోరుతోని గాని కత్తితోని గాని గీకొద్దు. సగం వెనిగర్ సగం నీళ్లు కలిపి అర్ధగంట నానబెట్టి, మెత్తని పళ్ల బ్రష్‌తోని కడుగుండ్రి. నిమ్మ ఉప్పు ఉంటే పావు లీటరు గోరువెచ్చని నీళ్లల్ల ఒక చెంచా చాలు. రాత్రంత నానబెట్టొద్దు, పులుపు ఇత్తడిని, పూతను తింటది.

గీత పడితే మాత్రం రిపేరు లేదు, స్పిండిల్ మొత్తం మార్చాలె. కొత్తది కొనేటప్పుడు మూడు సంగతులు కలవాలె. నట్టు మర సైజు, పిడి కూసునే పళ్ల లెక్క, తిరిగే దిక్కు. పళ్లు 20వి, 24వి రెండూ దొరుకుతయి, చూపుకు ఒక్కలెక్కనే ఉంటయి. తిరిగే దిక్కు తప్పితే నల్లా ఉల్టా తెరుచుకుంటది. పాతది చేతిల పట్టుకొని పోతే ఈ లొల్లి ఉండదు.

కొరాపుట్_కాఫీతోట

ఒక సందేహం. ఆరు పలకల నట్టు అసలు కదలకపోతే ఏం చెయ్యాలి? పైపు రెంచితో తిప్పొచ్చా?

రాయగడ_ఫిట్టర్

పైపు రెంచి వద్దండి. దాని పళ్లు ఇత్తడిని కొరికేస్తాయి, పైగా దాని పిడి పొడుగు కాబట్టి బలం ఎంత పడుతోందో చేతికి తెలీదు.

ముందు దిక్కు సరిచూసుకోండి. పైనుంచి చూస్తే గడియారం ముల్లుకి ఎదురు దిక్కు. కంగారులో బిగించే వైపు తోసేవాళ్లు చాలామంది. తర్వాత కొళాయి ఒంటికి గుడ్డ చుట్టి, దాని మీద మరీ మరగని వేడినీళ్లు కొంచెం కొంచెంగా రెండు మూడు నిమిషాలు పొయ్యండి. చల్లటి పింగాణీ మీద వేడినీళ్లు ఒలికిస్తే పగులుతాది, ఒలక్కుండా చూసుకోండి. నట్టు చుట్టూ పట్టిన తెల్లటి ఉప్పు కరగడానికి వెనిగర్‌లో తడిపిన గుడ్డ అరగంట ఉంచినా పని చేస్తాది. స్పానరు దవడలు నట్టుకి వదులు లేకుండా పట్టాలి. అప్పుడు ఒకేసారి బలం పెట్టకుండా చిన్న చిన్న కుదుపులు ఇవ్వండి. ముందు కొంచెం బిగించే వైపు కదిపి తర్వాత విప్పే వైపు తిప్పితే పట్టు వదులుతాది.

తుప్పు వదిలించే స్ప్రే కొడితే మర దగ్గరే కొట్టండి, 15 నిమిషాలు ఆగండి, ఊడాక ఆ నూనె అంతా కడిగెయ్యండి. నూనె తగిలితే కొన్ని రకాల రబ్బరు ఉబ్బిపోతాది. ఓ-రింగులకి, అంటే లోపలుండే గుండ్రటి రబ్బరు రింగులకి, వ్యాజిలిన్ రాయొద్దని చెప్పేది అందుకే. రాయవలసి వస్తే సిలికాన్ గ్రీజు రాయండి.

ఇవన్నీ చేసినా కదలకపోతే ఆపెయ్యండి. మీ చేతుల్లో కొళాయి ఒళ్లు మెలి తిరుగుతున్నట్టు అనిపించినా ఆపెయ్యండి. కింద నుంచి కొళాయి ఊడదీసి, బల్ల మీద పట్టులో పెట్టి విప్పడమే మేలు.

కొరాపుట్_కాఫీతోట

అర్థమైందండి. యాంగిల్ కాక్ పట్టకపోతే ఏం చెయ్యాలో కూడా చెప్పండి. ఏళ్ల తరబడి తిప్పకుండా వదిలేస్తే చాలా ఇళ్లలో అది పట్టదు.

ధర్మాబాద్_నల్లా

ఇంటి మీది ట్యాంకు నుంచి దిగే పైపుకు ఒక వాల్వు ఉంటది, అది బంద్ చెయ్యాలె. పిడి గుండ్రంగ ఉండి చానా చుట్లు తిరిగితే గేట్ వాల్వు, పొడుగు పిడి పావు చుట్టే తిరిగితే బాల్ వాల్వు. పాత గేట్ వాల్వు పూరా బంద్ కాదు, సన్నగ వస్తనే ఉంటది. అప్పుడు వాష్ బేసిన్ కన్న కిందున్న నల్లా ఒకటి, బాత్‌రూంల బకెట్ నల్లా అసొంటిది, తెరిచి పెట్టుండ్రి. వచ్చే నీళ్లు దాంట్లకెళ్లి పోతయి, పైన బేసిన్ నల్లాకు ఎక్కవు. ఆ సందుల పని చేసుకోవచ్చు.

గీజర్ ఉన్న ఇల్లైతే ముందు దాని స్విచ్ బంద్ చెయ్యాలె. ట్యాంకు బంద్ చేసి గీజర్ మరిచిపోవద్దు.

మునిసిపాలిటీ నల్లా ట్యాంకులకు పోకుండ సీదా బేసిన్‌కు వచ్చే ఇండ్లు ఉన్నయి. అట్లైతే నీళ్లొచ్చే యాళ్ల పని పెట్టుకోవద్దు. కారుడు నీళ్లొచ్చినప్పుడే ఎక్కువైతుందా అని కూడ చూడుండ్రి. ట్యాంకు నీళ్ల వత్తిడి దాని ఎత్తును బట్టి ఉంటది, 10 మీటర్లకు దాదాపు 1 బార్. ఒక అంతస్తు మీద ట్యాంకుంటే దాంట్ల మూడో వంతు లెక్కనే వస్తది. సీదా లైన్ వత్తిడి దానికన్న ఎక్కువ ఉండొచ్చు, అందుకే ట్యాంకు నీళ్లకు ఆగిన వాషరు లైన్ నీళ్లకు ఆగకపోవచ్చు.

గజపతి_గడప

అందరికీ కృతజ్ఞతలు. చెప్పిన వరసలోనే విప్పాను. విప్పకముందు 15 నిమిషాలకి 200 మి.లీ. వచ్చింది, అంటే రోజుకి 19 లీటర్లు పైనే. వాషరు మీద ఉంగరంలా లోతైన గాడి ఉంది, రబ్బరు గోరు దిగనంత గట్టిగా ఉంది. సరిగ్గా అలాంటిదే తెచ్చి వేశాను. ఇప్పుడు 15 నిమిషాలకి 30 మి.లీ. వస్తోంది. తగ్గింది గానీ ఆగలేదు. ఏం తప్పు చేశాను?

రాయగడ_ఫిట్టర్

తప్పు చెయ్యలేదమ్మా, ఇంకో మెట్టు మిగిలింది. రోజుకి 3 లీటర్లకి దగ్గరగా పోతోందన్నమాట, అలా వదిలెయ్యకూడదు.

మళ్లీ విప్పి మూడు చూడండి. వాషరు పట్టుకునే చిన్న నట్టు వదులుగా ఉందా? ఉంటే వాషరు ఒక పక్కకి ఒరుగుతాది. తెరిచినప్పుడు కొళాయి డబడబ అదిరితే కారణం అదే. రెండోది, సీటు మీద చెత్త. పాత రబ్బరు ముక్కో, ఉప్పు రేణువో అతుక్కుని ఉంటాది. స్పిండిలు తీసి ఉన్నప్పుడే కొళాయి మీద గుడ్డ కప్పి, ఒక మనిషిని యాంగిల్ కాక్‌ని ఒక్క క్షణం తెరిచి మూయమనండి. చెత్త కొట్టుకుపోతాది. గుడ్డ కప్పకపోతే నీళ్లు పైకప్పుకి తగులుతాయి.

మూడోది సీటు. కొళాయి లోపలికి టార్చి వేసి చూడండి. అడుగున గుండ్రటి అంచు కనిపిస్తాది, అది చుట్టూ ఒకే నునుపుతో మెరవాలి. చిటికెన వేలు కొస అంచు మీద చుట్టూ తిప్పండి. వేలు పట్టకపోతే చెవి పుల్ల దూది కొసతో తిప్పండి, గీత ఉన్నచోట దూది పోగు చిక్కుకుంటాది.

గజపతి_గడప

దూది ఒకేచోట రెండుసార్లు చిక్కుకుంది. టార్చి వేస్తే అంచు మీద అడ్డంగా వెంట్రుకంత సన్నటి గీత, లోపలి నుంచి బయటికి. నట్టు బిగుతుగానే ఉంది, చెత్త లేదు.

రాయగడ_ఫిట్టర్

అదేనమ్మా దొంగ. కారుతున్న కొళాయిని చాలా కాలం వదిలేస్తే నీళ్లు ఒకే దారిలో వెళ్లి వెళ్లి ఇత్తడిని అలా కోస్తాయి. కొత్త రబ్బరు ఆ గీత అడుగుదాకా దిగలేదు.

దీనికి సీట్ కట్టర్ అనే పనిముట్టు ఉంది. నట్టు ఉన్న మరలోనే దాన్ని బిగించి, పైనున్న పిడిని మెల్లగా తిప్పితే అడుగున పళ్ల బిళ్ల సీటుని పలచగా చెక్కుతాది. ఒక పని కోసం కొనక్కర్లేదు, ప్లంబరు దగ్గర ఉంటాది. దగ్గరుండి ఇది చూసుకోండి: ఒత్తిడి తక్కువ పెట్టి రెండు మూడు చుట్లు, తీసి చూడటం, అవసరమైతే ఇంకో రెండు. గీత పోయి అంచంతా కొత్త ఇత్తడి రంగులోకి వస్తే ఆపాలి. ఎక్కువ చెక్కితే అంచు పలచబడి కత్తిలా తయారై కొత్త రబ్బరుని కోస్తాది. తర్వాత ఇత్తడి పొడి పోయేలా గుడ్డ కప్పి నీళ్లు వదలడం మర్చిపోవద్దు.

మందం వాషరు వేసి బిగిద్దామని ఎవరైనా అంటారు. నాలుగు రోజులు పట్టుకుంటాది, అంతే.

కొరాపుట్_కాఫీతోట

దానికి బదులు సిరొంచ వారు చెప్పిన పావు చుట్టు సిరామిక్ స్పిండిలు అదే కొళాయిలో వేసేస్తే సీటు గొడవ ఉండదు కదా?

సిరొంచ_సంగమం

ఉంటది అన్నా, చానా మందికి ఇక్కడనే తప్పు సమజైతది. సిరామిక్ స్పిండిల్ అడుగున రబ్బరు రింగు అని చెప్పిన గదా, ఆ రింగు కూసునేది గూడ అదే సీటు మీద. గీత లోతుంటే రింగు కిందికెళ్లి నీళ్లు వస్తయి. రింగు వెడల్పుంటది కాబట్టి సన్న గీతను కప్పొచ్చు, కప్పకపోవచ్చు. ఇంక మర సైజు, లోతు రెండూ కలవాలె. లోతు తక్కువైతే రింగు సీటును తాకదు, ఎక్కువైతే నట్టు పూరా దిగదు. సీటు నున్నగ చేసినంకనే అది వెయ్యాలె.

ఇంకొకటి. ట్యాంకు అడుగున మట్టి పేరుకున్న ఇండ్లల్ల సిరామిక్ తొందరగ కరాబైతది. అసొంటి తావుల రబ్బరు వాషరుదే ఎక్కువ రోజులు ఓపికగ పని చేస్తది, సిరామిక్ కావాలంటే ఫిల్టర్ ఉన్న యాంగిల్ కాక్ పెట్టి, జాలి అప్పుడప్పుడు కడగాలె.

బరంపురం_పైపులు

ఒకవేళ సీటు బాగుకాక కొత్త కొళాయే కొనవలసి వస్తే: పిల్లర్ కాక్, 15 మి.మీ., అంటే అదే అరంగుళం. ఇత్తడిదైతే ఐఎస్ 8931 గుర్తు ఉందా చూడండి. చేత్తో పట్టుకుంటే బరువు తెలియాలి, తేలిగ్గా ఉన్నది పలచటి పోత. పీటీఎంటీ ప్లాస్టిక్ కొళాయిలు ఉప్పునీళ్లకి తుప్పు పట్టవు, అది వాటి గుణం. కానీ వాటి మరలు స్పానరుకి తట్టుకోవు, చేత్తో బిగించి ఆపాలి.

కొళాయిని బేసిన్‌కి పట్టి ఉంచే కింది చెక్ నట్టు బిగించేటప్పుడు పింగాణీకీ నట్టుకీ మధ్య రబ్బరు వాషరు తప్పనిసరి. చేత్తో పూర్తిగా బిగించాక స్పానరుతో ఒక అర చుట్టు చాలు. బేసిన్‌లు పగిలేది ఇక్కడే.

ధర్మాబాద్_నల్లా

అల్లిక పైపు ముచ్చట గూడ చెప్పాలె, ఎందుకంటే నల్లా విప్పి బిగించినంక కింద తడి కనిపిస్తె జనం పరేషాన్ అయితరు. దాన్ని కనెక్షన్ పైపు అంటరు, 18 అంగుళాలది, 24 అంగుళాలది దొరుకుతది. రెండు కొసల నట్టులల్ల రబ్బరు వాషరు ఉంటది, నీళ్లను ఆపేది అదే. ఆడ టెఫ్లాన్ టేపు చుట్టే పని లేదు, చుట్టితే నట్టు సాపుగ కూసోదు. చెయ్యితోని బిగించి, స్పానర్‌తోని పావు చుట్టు. అంతకన్న తిప్పితే రబ్బరు నలిగి బయటికొస్తది.

టేపు పని యాంగిల్ కాక్ గోడల దిగే మర మీద. మర కొస మీ దిక్కు పెట్టుకొని గడియారం ముల్లు తిరిగే వైపు 8 నుంచి 10 చుట్లు, గట్టిగ లాగుకుంట చుట్టాలె. ఉల్టా చుట్టితే బిగిస్తుంటేనే ఊడి కుప్పైతది.

తడి యాడికెళ్లి వస్తుందో తెల్వకపోతే అన్నీ పొడిగ తుడిచి, టిష్యూ కాగితం ముక్కతోని పై నుంచి కిందికి ఒక్కొక్క జాయింట్ ముట్టుకుంట రావాలె. నీళ్లు కిందికి జారుతయి, అందుకే అన్నిటికన్న పైన కాగితం తడిసిన జాయింటే అసలు తప్పు. కట్టేసి ఉన్నా తడి వస్తే పైపుది. బేసిన్‌ల నీళ్లు పోసినప్పుడే వస్తే నల్లాకు సంబంధం లేదు, కన్నం కింది వేస్ట్ కప్లింగ్ నో, బాటిల్ ట్రాప్ నో చూడాలె.

గజపతి_గడప

సీట్ కట్టర్‌తో నాలుగు చుట్లకి గీత పోయింది. పొడి కడిగేసి, కొత్త వాషరు వేసి, స్పిండిలు అర చుట్టు తెరిచి ఉంచి నట్టు బిగించాను. ఒక గంట గ్లాసు పెట్టాను. కట్టిన వెంటనే ఐదారు చుక్కలు పడ్డాయి, తర్వాత ఒక్క చుక్క కూడా లేదు. ఆ ఐదారు చుక్కలు దేనివి? ఇంకొకటి, కొళాయి తెరిచి ఉన్నప్పుడు పిడి కింద నుంచి సన్నగా తడి ఊరుతోంది. కట్టేస్తే ఉండదు.

రాయగడ_ఫిట్టర్

ఐదారు చుక్కలు మూతిలోని జాలిలో నిలిచిన నీళ్లు. కట్టాక నిమిషం దాకా అలా పడతాయి, అది లీకు కాదు. ఐదు నిమిషాల తర్వాత కూడా పడితే అప్పుడు అనుమానించాలి.

పిడి కింద తడి వేరే సంగతి. అది సీటుది కాదు, స్పిండిలు చుట్టూ ఉన్న ప్యాకింగ్‌ది. అందుకే తెరిచినప్పుడు మాత్రమే వస్తాది. పిడి తీసి చూస్తే ఆరు పలకల పెద్ద నట్టు మీద ఇంకో చిన్న నట్టు ఉంటాది, గ్లాండ్ నట్టు అంటారు. దాన్ని ఎనిమిదో వంతు చుట్టు బిగించి, కొళాయి తెరిచి చూడండి. తడి ఉంటే ఇంకో ఎనిమిదో వంతు. పిడి తిప్పడానికి బరువెక్కితే ఎక్కువ బిగించినట్టు.

అలా ఆగకపోతే యాంగిల్ కాక్ కట్టి గ్లాండ్ నట్టు విప్పండి. టెఫ్లాన్ టేపుని ఒక జానెడు కత్తిరించి, వేళ్ల మధ్య నలిపి దారంలా పురి పెట్టండి. స్పిండిలు చుట్టూ గడియారం ముల్లు వైపు మూడు నాలుగు చుట్లు చుట్టి, సన్నటి స్క్రూడ్రైవరుతో గుంటలోకి నొక్కి నట్టు బిగించండి. గ్లాండ్ నట్టు లేని రకమైతే స్పిండిలు గాడిలో ఓ-రింగు ఉంటాది. పాతది పట్టుకెళ్లి అదే మందంది తెచ్చి, సిలికాన్ గ్రీజు పూసి ఎక్కించండి.

గజపతి_గడప

గ్లాండ్ నట్టు ఉంది. రెండుసార్లు ఎనిమిదో వంతు బిగిస్తే తడి ఆగింది. పిడి ఇదివరకటంత తేలిగ్గానే తిరుగుతోంది. కనెక్షన్ పైపు రెండు నట్టుల దగ్గర, చెక్ నట్టు దగ్గర, యాంగిల్ కాక్ దగ్గర టిష్యూతో ముట్టుకుని చూశాను, అన్నిచోట్లా పొడిగానే ఉంది. మిగిలిన రెండు వాషర్లూ చిన్న కవరులో వేసి యాంగిల్ కాక్‌కే కట్టి ఉంచాను.

ధర్మాబాద్_నల్లా

మంచిగ చేసిండ్రు అక్కా. ఆ యాంగిల్ కాక్‌ను గూడ రెండు మూడు నెలలకు ఒకసారి పూరా బంద్ చేసి మళ్లా తెరుస్తుండుండ్రి, అప్పుడది బిగుసుకపోదు.

కొరాపుట్_కాఫీతోట

ఒక గంట నుంచి వెనిగర్ గుడ్డ చుట్టి ఉంచి చిన్న కుదుపులతో తిప్పితే మా ఇంటి కొళాయి నట్టు కదిలింది. వాషరు చూశాను, గజపతి వారు చెప్పిన ఉంగరపు గాడే. సీటు మీద దూది ఎక్కడా చిక్కుకోలేదు కాబట్టి వాషరు ఒక్కటే మారుస్తున్నాను.